మంచు దిగే లోపు

ఫ్రాన్స్ ఆగ్నేయ దిక్కున, ఇటలీ సరిహద్దును ఆనుకుని కేరాస్ అనే పర్వత ప్రాంతం ఉంది. అక్కడి ఒక లోయ పైభాగంలో, సముద్ర మట్టానికి 2,040 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు సాన్ వెరాన్. యూరప్‌లో ఏడాది పొడుగునా జనం కాపురముండే ఊళ్లలో అతి ఎత్తయిన వాటిలో ఇదొకటి. ఇక్కడి కోడిపుంజులు నక్షత్రాలను పొడుచుకు తింటాయని ఆ చుట్టుపక్కల ఒక నానుడి. జనాభా రెండు వందలకు అటూ ఇటూ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఎనిమిది వందల పైచిలుకు ఉండేది.

ఏడాదిలో దాదాపు ఆరు నెలలు ఈ ఊరు మంచు కాలంలోనే ఉంటుంది. ఇటలీ వైపు దారి తీసే ఆన్యెల్ కనుమ ఎత్తు 2,744 మీటర్లు. బ్రియాన్సోన్ పట్టణం వైపు వెళ్లే ఇజోఆర్ కనుమ ఎత్తు 2,360 మీటర్లు. చలికాలం వచ్చిందంటే రెండూ మూతపడతాయి. ఇక మిగిలేది ఒక్కటే దారి. అది గీల్ నది కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ గుండా కిందనున్న గియెస్ట్ర ఊరికి దిగుతుంది. అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఇలాంటి ఊళ్లో తొలిసారి చలికాలం గడపడానికి వచ్చినవాళ్లకు చలి గురించే దిగులు ఉంటుంది. పాత కాపులకు చలి మీద అంత ధ్యాస ఉండదు. కట్టె ఎండిందా, దారి తెరిచి ఉందా, పొగగొట్టం దులిపించారా అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఇక్కడ చలికాలం సుఖంగా గడవడమన్నది మంచు దిగే లోపు చేసుకున్న పనుల మీదే ఆధారపడుతుంది.

ఎండ పడే వైపు

ఆల్ప్స్‌లో కొండవాలు ఎటు తిరిగి ఉందన్నది ఊరి తలరాతను నిర్ణయిస్తుంది. దక్షిణానికి తిరిగి ఎండ బాగా తగిలే వాలును ఫ్రెంచివాళ్లు ఆద్రే అంటారు. ఉత్తరానికి తిరిగిన నీడ వాలు ఉబాక్. పాత ఊళ్లు, పొలాలు చాలామటుకు ఆద్రే మీదే ఉంటాయి, అడవిని ఉబాక్‌కు వదిలేస్తారు. సాన్ వెరాన్ ఇళ్లన్నీ దక్షిణానికి మొగం పెట్టి వాలు మీద వరుసలు తీరి ఉంటాయి.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వంద మీటర్లకు సగటున 0.6 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఆ లెక్కన లోయ అడుగుకంటే పైనున్న ఊరు ఎప్పుడూ చల్లగా ఉండాలి. చలికాలపు నిశ్చల రాత్రుళ్లలో మాత్రం లెక్క తిరగబడుతుంది. చల్లగాలి బరువెక్కి, నీళ్లలాగే వాలు వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. అప్పుడు కింది ఊళ్లు పొగమంచులో గడ్డకట్టుకుని ఉంటే పై ఊళ్లలో ఆకాశం తేటగా ఉండి ఎండ కాస్తుంది. జనవరిలో రాత్రి సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోయినా, మధ్యాహ్నం ఎండలో అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు.

ఈ ఎండకు గుర్తుగా ఊరి గోడల మీద రంగుల సూర్య గడియారాలు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని పీడ్‌మాంట్ నుంచి వచ్చిన జార్బులా అనే చిత్రకారుడు ఊరూరా తిరిగి ఇలాంటి గడియారాలు ఎన్నో వేశాడు. ఆకాశం ఇంత తేటగా ఉండబట్టే ఊరి పైన 2,900 మీటర్లు దాటిన చోట 1970ల్లో ఖగోళ పరిశోధన కేంద్రం కట్టారు.

మనుషులూ పశువులూ ఒకే గదిలో

సాన్ వెరాన్ పాత ఇంటిని చూస్తే ఇక్కడి చలికాలపు ఆలోచన అంతా అర్థమవుతుంది. కింది అంతస్తు మందపాటి రాతి గోడలది. దాని మీద లార్చ్ చెట్టు దుంగలను మూలల దగ్గర ఒకదానిలో ఒకటి బిగించి పేర్చిన చెక్క భాగం ఉంటుంది. దాన్ని ఫ్యూస్ట్ అంటారు. ఇక్కడి అడవుల్లో దొరికే లార్చ్ చెక్క జిగురు పట్టి ఉండి, వానకూ మంచుకూ అంత తేలిగ్గా కుళ్లదు. ఎండకు మాడి మాడి నల్లబడుతుంది. ఊరికి కాఫీ రంగు వచ్చింది అందువల్లే.

ఇంట్లో అన్నిటికంటే పెద్ద భాగం మనుషులది కాదు, ఎండుగడ్డిది. పై అంతస్తులన్నీ గడ్డికీ ధాన్యానికీ వదిలేవారు. ఇంత ఎత్తున వేసవి చిన్నది కావడంతో పైరు పూర్తిగా పండే దాకా ఆగడానికి ఉండదు. కొంచెం పచ్చిగానే కోసి, దక్షిణం వైపు వసారాల్లో ఎండగట్టి తర్వాత నూర్చేవారు. అటకల మీద పేర్చిన గడ్డికి రెండు ప్రయోజనాలు. ఆరు నెలలు పశువులకు మేత అవుతుంది, కింద ఉన్న గదికి మందపాటి కంబళిలా పనికొస్తుంది. మేత తగ్గేకొద్దీ కంబళి పలచబడుతుంది, ఆ పాటికి చలీ తగ్గుతుంది.

కింది రాతి గదిలో చలికాలమంతా ఆవులూ గొర్రెలూ మనుషులూ కలిసి ఉండేవారు. గదికి ఒక పక్కన పశువులు, మరో పక్కన బల్ల, పెట్టె ఆకారంలో తలుపులున్న మంచాలు. పెద్ద ఆవు ఒంటి నుంచి నిరంతరం వెలువడే వేడి ఒక చిన్న విద్యుత్ హీటరుకు సమానం. నాలుగు ఆవులుంటే గదికి పొయ్యి అవసరం అంతగా ఉండదు. ఎత్తు పెరిగేకొద్దీ అడవి పలచబడుతుంది గనక కట్టె అపురూపం. అందుకని వంటకు మాత్రమే నిప్పు వాడి, వెచ్చదనాన్ని పశువుల దగ్గర తీసుకునేవారు. వాసన, తేమ, చీకటి ఆ వెచ్చదనంతో పాటే వచ్చేవి. 1641లో కట్టిన ఒక ఇంటిని ఊళ్లో మ్యూజియంగా నిలబెట్టారు. పశువులతో కలిసి కాపురం చేసిన చివరి ఇల్లు 1976 దాకా ఆ పద్ధతిలోనే నడిచింది. అంటే ఇది తాతముత్తాతల నాటి ముచ్చట కాదు, ఇప్పుడు నడివయసు దాటినవాళ్లు కళ్లారా చూసిన బతుకు.

చెక్క ఇళ్లకు మంచుకంటే నిప్పు పెద్ద శత్రువు. అందుకే ఊరిని ఒకే గుంపుగా కట్టుకోకుండా పేటలు పేటలుగా విడదీసి మధ్యలో ఖాళీ జాగా వదిలారు. ఒక పేట అంటుకున్నా పక్క పేట మిగలాలన్నది వాళ్ల లెక్క. పేటకొక చెక్క తొట్టి, అందులోకి ఎడతెగకుండా పారే కొండ నీరు ఇప్పటికీ ఉన్నాయి. పారే నీరు అంత తొందరగా గడ్డకట్టదు. ఆ చిన్న సూత్రం ఇప్పటి ఇళ్లలోనూ పనికొస్తుంది. గట్టి చలి రాత్రుళ్లలో కుళాయిని సన్నటి ధారగా వదిలేస్తారు. ఇల్లు తాళం పెట్టి నాలుగు రోజులు ఊరు వెళ్లేవాళ్లు గొట్టాల్లో నీళ్లన్నీ ఖాళీ చేసి మరీ వెళతారు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రాగి గొట్టమైనా పగులుతుంది. పగిలిన సంగతి బయటపడేది మంచు కరిగిన రోజున.

చలికాలపు చేతిపనులు

పొలం పని లేని ఆరు నెలల్లో ఈ లోయ జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సాయంత్రాలు ఇరుగుపొరుగు ఒక ఇంటి కొట్టంలో చేరి, ఒకే దీపం కింద నూలు వడుకుతూ, చెక్క చెక్కుతూ, కథలు చెప్పుకునేవారు. ఈ కూటాన్ని వెయ్యే అంటారు. ఒక దీపం, ఒక గది వేడి పది మందికి సరిపోయేవి. కేరాస్ చెక్క పెట్టెల మీద చాకు మొనతో చెక్కిన పూల చక్రాలు ఆ రాత్రుళ్ల పనితనమే. ఇవాళ అవి ఫ్రాన్స్ జానపద కళా మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఇంకొందరు చదువునే సరుకుగా చేసుకుని లోయ దిగేవారు. కేరాస్, బ్రియాన్సోన్ ప్రాంతాల్లో మారుమూల పల్లెల్లో సైతం చదవడం రాయడం వచ్చినవాళ్లు ఎక్కువ. శరదృతువులో మగవాళ్లు కింది ప్రాంతాల సంతలకు వెళ్లి, చలికాలానికి పంతుళ్లుగా కుదిరేవారు. టోపీలో పెట్టుకున్న ఈకలే వాళ్ల అర్హత పత్రం. ఒక ఈక ఉంటే చదవడం రాయడం నేర్పుతాడు. రెండు ఈకలుంటే లెక్కలు కూడా. మూడు ఈకలుంటే లాటిన్ కూడా వచ్చు. వసంతంలో మంచు కరిగే వేళకు ఆ పంతులు తిరిగొచ్చి నాగలి పట్టుకునేవాడు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి వలసలు ఎక్కువై లోయ ఖాళీ కాసాగింది. దాన్ని ఆపాలని 1920ల్లో పక్కనున్న ఆర్వియు ఊళ్లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఒక పాస్టర్ చొరవతో చెక్క బొమ్మల తయారీ మొదలైంది. రైతు కుటుంబాలు చలికాలంలో ఇంటి దగ్గరే బొమ్మలు కోసి, రంగులు వేసి అమ్ముకునేవి. ఆ బొమ్మలు ఇప్పటికీ ఈ లోయ గుర్తింపుల్లో ఒకటి.

స్కీ ఆట వచ్చాక చలికాలం అర్థమే మారింది. లోయకు డబ్బు తెచ్చే కాలం అదే అయింది. వేసవిలో గడ్డి కోసే రైతు చలికాలంలో స్కీ లిఫ్టు దగ్గర పనిచేస్తాడు. వడ్రంగి స్కీ బడిలో పాఠాలు చెబుతాడు. ఒక మనిషి ఏడాదిలో రెండు మూడు వృత్తులు చేయడం ఇక్కడ మామూలు సంగతి. పంతులూ రైతూ ఒకే మనిషిగా బతికిన పాత పద్ధతికి ఇది కొనసాగింపు.

కట్టెల లెక్క

కొత్తగా వచ్చిన కుటుంబానికి మొదటి పాఠం కట్టెల దగ్గర మొదలవుతుంది. ఇప్పటి ఇళ్లలో విద్యుత్ హీటర్లు ఉన్నా, మంచు తుపానులో కరెంటు పోతే ఆదుకునేది ఇనుప కట్టెల పొయ్యే. ఫ్రాన్స్‌లో కట్టెను తూకంతో కాక స్తేర్ అనే కొలతతో అమ్ముతారు. మీటరు పొడవు కట్టెలను మీటరు వెడల్పున, మీటరు ఎత్తున పేరిస్తే అది ఒక స్తేర్.

తొలిసారి కొనేవాళ్లు తికమక పడేది ఇక్కడే. ఇంటి పొయ్యిలో మీటరు కట్టె పట్టదు. దాన్ని 33 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి తెప్పిస్తే, పేర్చినప్పుడు అది ఘనపు మీటరు రాదు, సుమారు 0.7 దగ్గర ఆగిపోతుంది. అమ్మినవాడు మోసం చేశాడనిపిస్తుంది గానీ మోసం లేదు. పొడుగు కట్టెల వంకర టింకరల మధ్య ఉన్న గాలి, పొట్టి ముక్కల మధ్య లేదు. కట్టె అంతే ఉంది, సందులు తగ్గాయి.

అంతకంటే ముఖ్యమైనది తేమ. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ కట్టెను పొయ్యిలో పెడితే నిప్పు ముందు నీళ్లను కాచి ఆవిరి చేయాలి, ఆ తర్వాతే గది వేడెక్కుతుంది. పొగగొట్టం లోపల తారులాంటి మసి పేరుకుని, ఒకనాడు గొట్టమే అంటుకుంటుంది. తేమ ఇరవై శాతం లోపుకు దిగాలంటే చీల్చి, పైన కప్పు వేసి, పక్కల గాలి ఆడేలా పేర్చి, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఎండబెట్టాలి. ఎండిన కట్టెను గుర్తుపట్టడం సులువే. రెండు ముక్కలను ఒకదానికొకటి కొడితే పచ్చివి దబ్బుమంటాయి, ఎండినవి టంగుమంటాయి. కోసిన మొన మీద సూర్య కిరణాల్లా నెర్రెలు కనిపిస్తాయి.

పొగగొట్టాన్ని ఏడాదికి కనీసం ఒకసారైనా దులిపించడం చట్టప్రకారం తప్పనిసరి. ఇంట్లో అగ్నిప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ దులిపినవాడిచ్చిన పత్రమే. చాలా పల్లెలకు సొంత అడవి ఉంటుంది. అందులోంచి ఊరివాళ్లకు కట్టె పంచుకునే పాత హక్కుకు అఫువాజ్ అని పేరు. అది ఇప్పటికీ ఫ్రాన్స్ అటవీ చట్టంలో ఉంది.

బండీ దారీ

రెండో ఏర్పాటు బండికి. 2021 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, పర్వత జిల్లాల్లో గుర్తించిన ప్రాంతాలన్నిటా ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు కార్లకు చలికాలపు టైర్లు ఉండాలి, లేదా చక్రాలకు తొడిగే గొలుసులు బండిలో ఉండాలి. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు బొమ్మ ఉన్నదే నిజమైన చలికాలపు టైరు. మామూలు టైరు రబ్బరు సుమారు ఏడు డిగ్రీల దిగువకు వచ్చేసరికి గట్టిపడి పట్టు వదులుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది.

గొలుసులు కొనడం ఒక ఎత్తు, తొడగడం మరో ఎత్తు. చీకట్లో, గాలివానలా మంచు కొడుతుంటే, కొంకర్లు పోయిన వేళ్లతో మొదటిసారి తొడగడానికి ప్రయత్నించినవాళ్లు గంటసేపు దారికి అడ్డం పడతారు. అందుకే తెలిసినవాళ్లు అక్టోబరులోనే, పొడి నేల మీద రెండు మూడు సార్లు తొడిగి తీసి చేయి తిప్పుకుంటారు. ఇంజను తిప్పే చక్రాలకే గొలుసు కట్టాలి. బండి ఎత్తు మీద ఇరుక్కున్నాక కాదు, ఎత్తు మొదలవక ముందే కట్టాలి.

ఇంకొన్ని చిన్న అలవాట్లు ఉన్నాయి. రాత్రి బండి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయరు, అది గడ్డకట్టి పట్టేస్తుంది. గేరులో వదిలేస్తారు. అద్దం తుడిచే వైపర్లను పైకి లేపి పెడతారు. మామూలు డీజిల్‌లోని మైనం లాంటి పదార్థం గట్టి చలికి పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది కాబట్టి, కొండ మీది బంకుల్లో అమ్మే చలికాలపు డీజిల్ పోయిస్తారు. కింద చదునులో ట్యాంకు నింపుకుని పైకొచ్చిన బండ్లు తెల్లవారి కదలకపోవడానికి కారణం సాధారణంగా ఇదే.

దారి మీద ఆధారపడేవి చాలా ఉన్నాయి. పదకొండేళ్లు దాటిన పిల్లలు చదివే మాధ్యమిక బడి కింద గియెస్ట్రలో ఉంది. ఆ పైచదువుల బడి, పెద్దాసుపత్రి బ్రియాన్సోన్‌లో ఉన్నాయి. పారిస్ నుంచి బ్రియాన్సోన్‌కు పోయే రాత్రి రైలు గియెస్ట్ర దగ్గరి స్టేషనులో ఆగుతుంది. అక్కణ్ణుంచి పైకి బస్సు. దారి మూసిన రోజున బడి బస్సు రాదు, రొట్టె బండి రాదు, మందులు రావు. కాబట్టి ప్రతి ఇంట్లో వారం పది రోజులకు సరిపడా పప్పు దినుసులు, పిండి, పాలపొడి, కొవ్వొత్తులు, రోజూ వేసుకునే మందులు నిల్వ ఉంటాయి.

మంచు పడిన తెల్లవారి

రాత్రి మంచు పడిందని చూడకుండానే తెలుస్తుంది. తాజా మంచు రేకుల మధ్య గాలి నిండి ఉండి శబ్దాన్ని పీల్చుకుంటుంది. ఊరు నిశ్శబ్దమైపోతుంది. తెల్లవారకముందే ఆ నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ మంచు తోసే బండి వస్తుంది. దారి అంచు ఎక్కడుందో డ్రైవరుకు కనపడేలా శరదృతువులోనే రోడ్డు పక్కన పొడుగాటి కర్రలు పాతి ఉంచుతారు.

మంచు పారను ఎప్పుడూ ఇంటి లోపలే పెట్టుకుంటారు. బయట పెడితే ముందు పారను తవ్వి తీయడానికి ఇంకో పార కావాలి. మంచు పని తేలిక అనుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోవచ్చు. గుమ్మం నుంచి వీధి దాకా పది మీటర్ల దారి, మీటరు వెడల్పు, నలభై సెంటీమీటర్ల మంచు. మొత్తం నాలుగు ఘనపు మీటర్లు. పొడి మంచు ఘనపు మీటరు వంద కిలోలు తూగినా, నాలుగు వందల కిలోలు ఎత్తి పోయాలి. రెండు రోజులు ఆగితే అదే మంచు దిగబడి, తడిసి, మూడింతలు గట్టిపడుతుంది. అందుకే కాఫీ కంటే ముందు పార పడతారు. నడుము వంచి ఎత్తి విసరడం కొత్తవాళ్ల పద్ధతి. పాతవాళ్లు వీలైనంత వరకు తోస్తారు, ఎత్తాల్సి వస్తే మోకాళ్లు వంచి కొద్దికొద్దిగా ఎత్తుతారు.

తోసిన మంచును ఎక్కడ పోయాలన్నది మరో ముఖ్యమైన సంగతి. పొరుగువాడి గుమ్మం ముందుకు, ఇప్పుడే శుభ్రం చేసిన వీధిలోకి నెట్టకూడదు. మంచు బండి తిరిగొస్తే దాన్ని ఇంకొకరి కారు మీదికి కప్పేస్తుంది. మెట్ల మీద పొయ్యి బూడిద చల్లితే కాలు జారదు. కప్పు అంచున అడ్డుకొయ్యలు ఉంటాయి. కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి కింద నడిచేవాళ్ల మీద పడకుండా అవి ఆపుతాయి. కప్పు మీద నిలిచిన మంచు పొర ఇంటికి కంబళి కూడా అవుతుంది. అందుకే పాత ఇళ్లు దాన్ని దులిపేయడానికి కాక మోయడానికి కట్టినవి.

పూర్వం ఇంతకంటే కఠినమైన ఏర్పాట్లు ఉండేవి. నేల ఇనుములా గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి వీలులేని కాలంలో, ఎత్తయిన కొన్ని ఊళ్లలో చనిపోయినవాళ్లను కప్పు మీది మంచులో భద్రపరిచి, వసంతం వచ్చాక పాతిపెట్టేవారు.

తూర్పు నుంచి వచ్చే ముప్పు

ఫ్రాన్స్‌లో వాన, మంచు ఎక్కువగా అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమటి నుంచి వస్తాయి. కేరాస్ చేరేసరికి ఆ మేఘాలు చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈ లోయకు అసలు పెద్ద మంచు ఇటలీ వైపు నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రపు తేమను మోసుకుని తూర్పు గాలి సరిహద్దు శిఖరాలను దాటి వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే మీటరుకు పైగా కుమ్మరిస్తుంది. దీన్ని తూర్పు తిరుగుగాలి అనే అర్థంలో రెతూర్ దెస్త్ అంటారు. అలాంటప్పుడు లోయ దారి మూతపడి ఊళ్లు కొన్నాళ్లపాటు తెగిపోవడం జరుగుతూనే ఉంటుంది.

పెద్ద మంచు తర్వాత భయం మంచు చరియలది. పాత మంచు పొర మీద కొత్త పొర సరిగ్గా అతుక్కోకపోతే, వాలు మీద మొత్తం పలకలా విరిగి జారుతుంది. 1999 ఫిబ్రవరి 9న షమోనీ లోయలోని మోన్‌రోక్ దగ్గర ఇలాగే జారిన చరియ ఇళ్లను తుడిచిపెట్టి పన్నెండు మందిని బలి తీసుకుంది. ఇప్పుడు పర్వత గ్రామాలకు ప్రమాద పటాలు ఉన్నాయి. ఎర్ర గుర్తు జాగాలో కొత్త ఇల్లు కట్టనివ్వరు, నీలం గుర్తు జాగాలో షరతుల మీద కట్టనిస్తారు. పటాలున్న చోట ఇల్లు అమ్మేవాళ్లూ అద్దెకిచ్చేవాళ్లూ ఈ ప్రమాదాల సమాచారాన్ని రాసి ఇవ్వాలని చట్టం. కొత్తగా వచ్చేవాళ్లు వంటగది సొగసు కంటే ముందు చూడాల్సిన కాగితం అదే.

ఫ్రాన్స్ వాతావరణ శాఖ చలికాలంలో రోజూ సాయంత్రం వేళ ఒక్కో పర్వత ప్రాంతానికి మంచు చరియల ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు వరకు అంకెలతో ప్రకటిస్తుంది. చాలామంది పొరబడేది మూడు అంకె దగ్గర. అయిదులో మూడు అంటే మధ్యస్థం అనుకుంటారు. ఒక్కో మెట్టుకు ప్రమాదం రెట్టింపుకు పైగా పెరుగుతుంది, ప్రాణాలు పోయిన రోజుల్లో ఎక్కువ మూడో అంకె రోజులే. గుర్తించిన దారులు దాటి మంచులోకి వెళ్లేవాళ్లు ప్రతి ఒక్కరూ మూడు వస్తువులు మోయాలి: ఆచూకీ చెప్పే రేడియో పరికరం, పొడుగాటి గుచ్చుకర్ర, పార. కప్పుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంట తర్వాత చకచకా పడిపోతుంది. 112కు ఫోను చేస్తే రక్షణ దళం వస్తుంది గానీ, ఆ పావుగంటలో తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.

వంటిల్లు, ఒళ్లు

రెండు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ. నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన పప్పు గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ ఇక్కడ చాలా విలువైన వస్తువు. గాలి పొడిగా ఉండడంతో పెదాలు పగులుతాయి, దాహం తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. తాజా మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిప్పికొడుతుంది. చలికాలంలో కూడా మొగం మాడిపోవడం, కళ్లు మండడం అందువల్లే. నల్ల కళ్లద్దాలు ఇక్కడ షోకు కాదు.

బట్టల విషయంలో ఒక మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి ఆనేది చెమటను బయటకు పంపే ఉన్ని, మధ్యది వేడిని నిలిపేది, పైది గాలినీ తడినీ ఆపేది. నూలు బట్ట చెమటకు తడిసి ఆరదు కాబట్టి లోపల వేసుకోరు. ఇంటి గుమ్మం దగ్గర రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటుంది. బూట్లు, తడి కోట్లు అక్కడే విడవాలి. చల్లగాలి కూడా అక్కడే ఆగిపోతుంది.

తిండి అంతా నిల్వ చేసుకునే తెలివి నుంచి పుట్టింది. వేసవి పాలను ఆరు నెలలు ఆగే జున్ను చక్రాలుగా మార్చారు. ఉత్తరాన సావోయ్ ప్రాంతపు బోఫోర్ జున్ను ఒక్కో చక్రం సగటున నలభై కిలోలు తూగుతుంది. విలార్ దారెన్ అనే ఊళ్లో రై పిండిని మరిగే నీళ్లతో కలిపి చేసే రొట్టెను ఏడాదికి ఒక్కసారి, నవంబరులో, ఊరుమ్మడి పొయ్యిలో కాల్చేవారు. అది చలికాలమంతా రావాలి. గట్టిపడ్డ రొట్టెను బల్లకు బిగించిన ప్రత్యేకమైన కత్తితో కోసుకుని పులుసులో నానబెట్టుకునేవారు. ఆ ఆనవాయితీ ఇప్పటికీ పండుగలా జరుగుతోంది. పర్యాటకులు సంప్రదాయ వంటకమని తినే తార్తిఫ్లెత్, అంటే బంగాళదుంపల మీద రెబ్లోషోన్ జున్ను కరిగించి చేసే వంటకం, ఈ పేరుతో ప్రచారంలోకి వచ్చింది 1980ల్లోనే. జున్ను అమ్మకాలు పెంచుకోవడానికి ఉత్పత్తిదారులు తెచ్చిన వంటకం అది.

ఊళ్లో మనిషిగా

చలికాలానికి దానిదైన క్యాలెండరు ఉంది. క్రిస్మస్ సెలవుల్లో ఊరు కిటకిటలాడుతుంది. జనవరిలో ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఫిబ్రవరిలో బడులకు చలికాలపు సెలవులు వస్తాయి. కొండ ప్రాంతాలన్నీ ఒకేసారి నిండిపోకుండా దేశాన్ని మూడు మండలాలుగా విడదీసి సెలవులను వారాల తేడాతో ఇస్తారు. ఆ నాలుగు వారాలు ఊరివాళ్లకు కోతల కాలం లాంటివి. అప్పుడు ఎవరినీ సహాయం అడగరు, ఎవరి ఇంటికీ కబుర్లకు వెళ్లరు. కొత్తవాళ్లు పరిచయాలు పెంచుకోవడానికి జనవరే మంచి నెల.

దారిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ బోన్‌జూర్ చెప్పడం ఇక్కడ మర్యాదలో మొదటి మెట్టు. చెప్పకపోతే పొగరు అనుకుంటారు. పెద్దవాళ్లను మీరు అనే అర్థమిచ్చే వూ తో పలకరించాలి. నువ్వు అనే త్యు కు మారే సంగతి వాళ్లే చెబుతారు. ఊరి నిర్వహణ మేయరు కార్యాలయం చేతిలో ఉంటుంది. చిన్న ఊళ్లో మేయరంటే మంచు తోసే బండి దగ్గర కూడా కనిపించే మనిషి. కేరాస్‌కు ఈ స్వపరిపాలన కొత్త కాదు. 1343లో ఇక్కడి ఊళ్లు కలిసి పాలకుడికి సొమ్ము కట్టి, పన్నులు తామే పంచుకునే హక్కును పత్రం రాయించుకున్నాయి.

ఊరిలో భాగం కావడానికి దగ్గరి దారి ఏదో ఒక బాధ్యత తీసుకోవడం. ఫ్రాన్స్‌లో అగ్నిమాపక సిబ్బందిలో పదింట ఎనిమిది మంది స్వచ్ఛంద సేవకులే. కొండ ఊళ్లలో పక్కింటి ప్లంబరో టీచరో వాళ్లే వచ్చి మంటలార్పుతారు, ప్రమాదంలో పడ్డవాళ్లను మోస్తారు. శిక్షణ తీసుకుని ఆ జట్టులో చేరిన కొత్త మనిషి మరుసటి చలికాలానికల్లా ఊరివాడైపోతాడు.

మంచు కరిగాక

ఏప్రిల్ చివర మంచు కరగడం మొదలైతే ఊరు అందంగా ఉండదు. పేరుకున్న మంచు కింద నుంచి ఆరు నెలల ఇసుక, బూడిద, పశువుల పెంట బయటపడతాయి. దారులు బురదమయమవుతాయి. స్కీ లిఫ్టులు ఆగుతాయి, హోటళ్లు మూసి యజమానులు సెలవు తీసుకుంటారు. మే, జూన్ నెలల్లో ఎత్తయిన కనుమలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి.

ఈ క్యాలెండరు కూడా కదులుతోంది. గడచిన యాభై ఏళ్లలో ఆల్ప్స్‌లో 2,000 మీటర్ల దిగువన నేల మీద మంచు నిలిచే కాలం మూడు వారాల నుంచి నెల దాకా తగ్గిందని కొలతలు చెబుతున్నాయి. తక్కువ ఎత్తున ఉన్న కొన్ని స్కీ కేంద్రాలు ఇప్పటికే మూతపడ్డాయి. సాన్ వెరాన్ లాంటి ఎత్తయిన ఊళ్లకు ఇంకా మంచుంది. ఆ ఎత్తే ఒకప్పుడు కష్టం, ఇప్పుడు అదే కలిసొచ్చింది.

మంచు కరిగిన వారానికల్లా ఊళ్లో గొడ్డళ్లు, రంపాలు మొదలవుతాయి. ఆ వసంతంలో కోసి, చీల్చి, గోడ వెంట పేర్చిన కట్టె పొయ్యిలోకి వెళ్లేది రాబోయే చలికాలంలో కాదు, ఆ తర్వాతి చలికాలంలో.